పాత కారుకు ఏ పెయింట్? పాలిష్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి

తుప్పు కోసేశారు, కొత్త రేకు అతికించారు, టింకరింగ్ అయిపోయింది. షెడ్డులో కారు బూడిదరంగు ప్రైమర్‌తో నిలబడి ఉంది. చాలామంది ఇక్కడికొచ్చి నెలల తరబడి ఆగిపోతారు. డ్యూకోనా, ఎనామెలా, హార్డెనర్ కలిపి కొట్టే టూకేనా, బేస్ రంగు మీద రంగులేని క్లియరా? ఇంట్లోనే కొట్టాలా, ఎవరికైనా అప్పజెప్పాలా? ఎవరిని అడిగినా తాము చేసిందే సరైనదంటారు.

నేను చూసినంతలో అందరూ ఒకే వరుసలో వెళ్తారు. ముందు రంగు ఎంచుకుంటారు, తర్వాత పెయింట్ రకం, ఆ తర్వాత స్ప్రే గన్. పాలిష్ సంగతి చివర్లో చూద్దాంలే అంటారు. ఇంట్లో చేసుకునేవాళ్లు ఈ వరుసను తిరగేయాలని నా అభిప్రాయం. మన దగ్గర దుమ్ము లేని పెయింట్ గది, అంటే బూత్, ఉండదు. చెయ్యి ఎంత బాగా తిరిగినా పూతలో నలుసులు పడతాయి, నారింజ తొక్కలాంటి గరుకు వస్తుంది, ఎక్కడో ఒకచోట రంగు కారుతుంది. ఆ తప్పులన్నీ తర్వాత ఎమరీతో కోసి, బఫింగ్‌తో మెరిపించాల్సిందే. అంటే ఇంటి పెయింట్‌లో సగం పని పాలిష్‌దే. ఏ పూత ఎంత రాపిడికి ఓర్చుకుంటుందో, తేడా వస్తే దాన్ని ఎంత తేలిగ్గా సరిచేయొచ్చో తెలిస్తే పెయింట్ రకం తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు.

## దేన్ని చూసి తేల్చుకోవాలి

మొదటిది మందం. ఫ్యాక్టరీలో ప్రైమర్‌తో సహా మొత్తం పూత సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అందులో పైనుండే క్లియర్ పొర 40 నుంచి 60 మైక్రాన్లు మాత్రమే. మనం ఎమరీ పట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. క్లియర్‌లో ఎండను అడ్డుకునే మందు కూడా ఉంటుంది కాబట్టి బాగా పల్చబడిన చోట మొదట్లో మెరుపు బాగానే ఉన్నా, కొన్నేళ్లకు పొర తెల్లబడి ఊడిపోతుంది.

రెండోది ఊపిరి. దీని గురించి కింద విడిగా చెప్తాను. నా లెక్కలో మిగతా అన్నిటికంటే ఇదే ముందు.

మూడోది, పూత ఎంతసేపు జిగటగా ఉంటుందన్నది. పది నిమిషాల్లో పైన ఆరిపోయే పెయింట్ మీద పడే దుమ్ముకీ, నాలుగైదు గంటలు జిగురుగా ఉండే పెయింట్ మీద పడే దుమ్ముకీ పోలికే లేదు.

ఇక అసలుదనం. 1930ల నాటి కారు మీద గాజులా మెరిసే క్లియర్ కోట్ చూస్తే తెలిసినవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది. ఇది పట్టించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ముందే తేల్చుకోండి, సగం పనయ్యాక కాదు.

## అసలు రంగు వేయాలా?

కారుకు పాత పెయింట్ ఇంకా ఉంటే, దాన్ని ఊడదీసే ముందు ఒక ఆదివారం దాని మీద ఖర్చుపెట్టండి. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తెచ్చిన ట్యూరిన్ చార్టర్ కూడా ఇదే దారి చెప్తుంది. వీలైనంతవరకు ఉన్నదాన్ని కాపాడాలి, మార్చడం ఆ తర్వాతి మాట. అసలు పెయింట్ ఒక్కసారే ఉంటుంది, ఊడదీశాక మళ్లీ తెచ్చిపెట్టలేం.

తెల్ల గుడ్డకు కాస్త పాలిష్ పట్టించి, కనపడని మూల రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అది క్లియర్ లేని సింగిల్ స్టేజ్ పెయింట్. అంటకపోతే పైన క్లియర్ ఉన్నట్టు. తర్వాత దూదికి కొద్దిగా లక్కర్ థిన్నర్ తడిపి డిక్కీ లోపలి అంచున రుద్దండి. వెంటనే కరిగి వస్తే లక్కర్ (డ్యూకో), ముడతలు పడి ఉబ్బితే ఎనామెల్, ఏమీ కాకపోతే హార్డెనర్ కలిపిన టూకే అయ్యే అవకాశం ఎక్కువ. మందం కొలిచే గేజ్ దొరికితే ప్రతి ప్యానెల్ మీదా పెట్టి చూడండి. అంకె ఒక్కసారిగా పెరిగిన చోట కింద లప్పం ఉండే అవకాశం ఎక్కువ.

రంగు వెలిసి సుద్దలా అయితే భయపడక్కర్లేదు. అది పైపైన ఎండకు చచ్చిన పొర, కింద రంగు బతికే ఉంటుంది. అలాంటి సింగిల్ స్టేజ్ పెయింట్‌కు నూనె పాలు ఎక్కువున్న గ్లేజ్ పట్టించి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు మెత్తటి పాలిష్‌తో తీస్తే చాలాసార్లు ఆశ్చర్యపోతారు. కానీ పగుళ్లు అడుగుదాకా ఉన్నా, క్లియర్ పెచ్చులుగా లేస్తున్నా, కింద ప్రైమర్ తొంగిచూస్తున్నా పాలిష్‌తో లాభం లేదు.

ఒక జాగ్రత్త. పాత పెయింట్లలో, ప్రైమర్లలో సీసం ఉండేది. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. నీళ్లు పోస్తూ రుద్దండి, మంచి దుమ్ము మాస్కు పెట్టుకోండి, ఆ బట్టలతో ఇంట్లో తిరగొద్దు.

## నాలుగు పెయింట్లు పక్కపక్కన

| | లక్కర్ (డ్యూకో) | ఎనామెల్ | టూకే సింగిల్ స్టేజ్ | బేస్ + క్లియర్ |
|---|---|---|---|---|
| ఎలా ఆరుతుంది | థిన్నర్ ఆవిరై | థిన్నర్ ఆవిరై, తర్వాత గాలితో కలిసి మెల్లగా | హార్డెనర్‌తో రసాయన చర్య | బేస్ థిన్నర్ ఆవిరై, క్లియర్ హార్డెనర్‌తో |
| దుమ్ము బెడద | తక్కువ | బాగా ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం |
| ఎమరీ, బఫింగ్ | హాయిగా, తప్పనిసరి కూడా | వారాలు ఆగాలి, అప్పుడూ అంతంతే | బాగా పడుతుంది | క్లియర్ వరకే |
| తర్వాత టచప్ | చాలా తేలిక | కష్టం | ఓ మోస్తరు | ప్యానెల్ మొత్తం క్లియర్ కొట్టాలి |
| మెటాలిక్ రంగు | కుదురుతుంది | కష్టం | ఇంట్లో వద్దు | దీనికే సరైనది |
| ఐసోసయనేట్ (హార్డెనర్‌లోని విషం) ముప్పు | లేదు | హార్డెనర్ కలిపితే ఉంటుంది | ఉంది | ఉంది |

లక్కర్. డ్యూపాంట్ కంపెనీ 1923లో డ్యూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ లక్కర్ తెచ్చింది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లు ఆ రంగుతోనే బయటికొచ్చాయి. అంతకుముందు వార్నిష్ పూతలు ఆరడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరింది. ఆ బ్రాండ్ పేరే మనకు పెయింట్ పేరైపోయి, బీరువాలకీ తలుపులకీ కూడా డ్యూకో అనే మాట స్థిరపడింది.

ఇంట్లో పనిచేసేవాళ్లకు దీనిలో ఉన్న సుఖం ఒక్కటే, కానీ పెద్దది. ప్రతి కొత్త పూతా కింది పూతను కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. కారినా, దుమ్ము పడినా, అంచు దగ్గర బఫింగ్‌లో పూత అరిగిపోయినా ఆ చోటే మళ్లీ కొట్టి కలిపేయొచ్చు. చేయి తిరగని వాణ్ని క్షమించే పెయింట్ ఇది. బదులుగా ఓపిక అడుగుతుంది. ఎనిమిది, పది పల్చటి పూతలు కావాలి, మధ్యలో ఎమరీ పట్టాలి, చివర కాంపౌండ్ (గరుకు పాలిష్ పేస్టు) కొడితే తప్ప మెరవదు. కొన్ని వారాలపాటు కుంచించుకుపోతూ ఉంటుంది కాబట్టి తొందరపడి పాలిష్ చేస్తే కింది గీతలు తర్వాత పైకి తేలతాయి. మరీ మందంగా కొడితే ఎండకీ చలికీ పగుళ్లిస్తుంది. పెట్రోలు ఒలికితే మెత్తబడుతుంది, ట్యాంకు మూత చుట్టూ మచ్చలు అందుకే. వాన రోజుల్లో కొడితే గాల్లో తేమ పూత మీద చేరి తెల్లటి మసక వస్తుంది. నిప్పు విషయంలో మాత్రం దీన్ని అస్సలు నమ్మకూడదు. నేల మీద రాలిన పొడి, తడిసిన గుడ్డలు కూడా అంటుకుంటాయి.

ఎనామెల్. గన్ నుంచి వచ్చేటప్పుడే మెరుస్తుంది, పాలిష్ అక్కర్లేదు. వినడానికి బాగుంటుంది. నా వరుసలో చూస్తే మాత్రం ఇదే దీని లోపం. పాలిష్ అక్కర్లేని పెయింట్ అంటే పాలిష్‌తో తప్పులు దిద్దుకోలేని పెయింట్ అన్నమాటే. గంటలకొద్దీ జిగటగా ఉండి గదిలోని నలుసులన్నీ పట్టుకుంటుంది. సగం ఆరిన దశలో మళ్లీ పూత వేస్తే కిందిది ముడతలు పడి లేస్తుంది. జీపులకీ వ్యాన్లకీ, చాసిస్‌కీ, చక్రాలకీ మంచిదే. బ్రష్, ఫోమ్ రోలర్‌తో పల్చగా ఆరేడు పూతలేసి మధ్యమధ్య నీటి ఎమరీ పట్టి కార్లు పూర్తిచేసినవాళ్లూ ఉన్నారు. గన్, కంప్రెసర్ రెండూ లేనివాళ్లకు అది చెడ్డ దారేమీ కాదు, కాకపోతే దగ్గరికొచ్చి చూసేవాళ్లను దూరంగా నిలబెట్టాలి.

లక్కర్, ఎనామెల్ కలిసే చోట ఒక పాత సూత్రం గుర్తుంచుకోండి. లక్కర్ మీద ఎనామెల్ నిలుస్తుంది. ఎనామెల్ మీద లక్కర్ కొడితే అందులోని ఘాటు థిన్నర్ కిందిదాన్ని లేపేస్తుంది.

టూకే సింగిల్ స్టేజ్. రంగూ మెరుపూ ఒకే డబ్బాలో ఉంటాయి. హార్డెనర్ కలిపి రెండు, మూడు పూతలు కొడితే చాలు. గట్టిపడ్డాక పెట్రోలుకీ ఎండకీ తట్టుకుంటుంది. తెలుపు, ఎరుపు, నలుపు, ముదురు ఆకుపచ్చ లాంటి మామూలు రంగుల పాత కారుకు నా ఓటు దీనికే. కోసి బఫ్ చేస్తే లోతున్న మెత్తటి మెరుపు వస్తుంది, క్లియర్ కోట్‌లా ప్లాస్టిక్ తొడుగు వేసినట్టు ఉండదు. పాలిష్ చేసేటప్పుడు ప్యాడ్‌కు రంగు అంటుతుంది, అది మామూలే. కాస్త ఎక్కువ కోసినా కిందా అదే రంగు కాబట్టి ప్రైమర్ తగిలేదాకా తప్పు కనపడదు. మెటాలిక్ మాత్రం దీనిలో వద్దు. ఎమరీ పట్టగానే పైనున్న మెరుపు రేణువులు తెగి మచ్చలు మచ్చలుగా అవుతుంది.

బేస్, క్లియర్. 1980ల నుంచి ఫ్యాక్టరీ కార్లలో ఇదే ప్రధాన పద్ధతి. బేస్ పల్చగా, మెరుపు లేకుండా ఆరుతుంది. అందులో నలుసు పడితే క్లియర్ కొట్టకముందే తీసి సరిచేయొచ్చు, ఇది నిజమైన సౌకర్యం. మెటాలిక్, పెర్ల్ రంగులకు వేరే ఆలోచన అక్కర్లేదు. చిక్కంతా పాలిష్ దగ్గరే. క్లియర్ దాటి బేస్ తగిలిందంటే ఆట ముగిసినట్టే, ఆ ప్యానెల్‌కు మళ్లీ క్లియర్ కొట్టాలి. మధ్యలో అతుకు వేస్తే ఆ అంచు కొన్నాళ్లకు బయటపడుతుంది. అందుకే తర్వాత ఎమరీ పట్టే ఉద్దేశం ఉంటే రెండు పూతల చోట మూడు కొట్టండి.

స్ప్రే డబ్బాలతో మొత్తం కారు కొట్టొచ్చా అని కొందరు అడుగుతారు. అద్దాల చుట్టూ పట్టీలకీ ఇంజిన్ గది మూలలకీ సరే, బానెట్ లాంటి వెడల్పు చోట చారలు తప్పవు. అడుగున మీట నొక్కి హార్డెనర్ కలుపుకొనే టూకే డబ్బాలు బాగా పనిచేస్తాయి, కానీ చిన్న డబ్బా కదా అని మాస్కు తేలిగ్గా తీసుకోకండి. అందులోదీ అదే విషం.

## ఊపిరి మాట

టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. గన్ నుంచి తుంపరగా లేచినప్పుడు ఇవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి శరీరానికి ఇవి పడకుండాపోతే ఆ తర్వాత కొద్దిగా తగిలినా ఆయాసం మొదలవుతుంది. వాసన వచ్చినప్పుడు జాగ్రత్తపడదాం అంటే కుదరదు, వాసన తెలిసే లోపే మోతాదు మించిపోతుంది. గాలిని వడకట్టే మామూలు కార్ట్రిడ్జ్ మాస్కు ఎప్పుడు పనిచేయడం మానేసిందో తెలిసే దారి లేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి పంపే మాస్కు ఉండాలి, చర్మం, కళ్లు కప్పుకోవాలి. కొట్టడం ఆపాక కూడా ఆ తుంపర గదిలో కాసేపు తేలుతూనే ఉంటుంది, పక్కింటివాళ్ల కిటికీ దాకా వెళ్తుంది.

గాలి పంపే మాస్కు మీ దగ్గర లేకపోతే టూకే మీ ఇంట్లో కొట్టే పెయింట్ కాదు. దీనికి మధ్యేమార్గం ఏదీ నాకు తోచదు.

లక్కర్‌లో ఐసోసయనేట్ లేదని నిశ్చింతగా ఉండకండి. ఆ థిన్నర్లు తలతిరుగుడు తెస్తాయి, నిప్పు చూస్తే భగ్గుమంటాయి. తాజా కార్ట్రిడ్జ్ మాస్కు, ఎదురెదురుగా గాలి ఆడే తలుపులు, దగ్గర్లో స్విచ్‌లూ గీజర్లూ లేని చోటు కావాలి.

## ఎవరు కొట్టాలి?

పెయింట్ పనిలో గన్ పట్టుకునే సమయం చాలా తక్కువ. కారు విప్పడం, పాత పూత తీయడం, లప్పం పెట్టి చదును చేయడం, ప్రైమర్ మీద ఎత్తుపల్లాలు చూపించే గైడ్ కోట్ చల్లి పొడవాటి బ్లాక్‌తో రుద్దడం, ఇదే నెలలు తింటుంది. డబ్బిచ్చి చేయిస్తే బిల్లులో ఎక్కువ భాగం ఈ గంటలదే. అందుకే నాకు నచ్చిన ఏర్పాటు ఇది: గంటలు తినే పని ఇంట్లో, విషం చిమ్మే ఆ కొద్దిసేపు బూత్‌లో, మళ్లీ కోత, బఫింగ్ ఇంట్లో.

ఇందులోనూ తగాదాలుంటాయి. వేరేవాళ్లు పెట్టిన లప్పం మీద రంగు కొట్టి పూచీ ఇమ్మంటే పెయింటర్ ఒప్పుకోకపోవచ్చు, అతని తప్పూ లేదు. ఏ ప్రైమర్ వాడారో రాసి ఇవ్వండి. ఆఖరి ప్రైమర్ ఎవరు కొట్టాలో ముందే మాట్లాడుకోండి. పాలిష్ మీరే చేస్తారని చెప్పి, ఒక పూత ఎక్కువ వేయించుకోండి. ఈ చివరి మాట నేను మొదటి కారుకు చెప్పలేదు. రెండు పల్చటి క్లియర్ పూతలతో తిరిగొచ్చిన బానెట్ మీద నేను ఎమరీ పట్టి, ముందు అంచున బేస్ దాకా వెళ్లిపోయాను.

ఇంట్లోనే కొట్టేవాళ్లకు గన్ కన్నా కంప్రెసర్ ముఖ్యం. హెచ్‌వీఎల్‌పీ గన్లకు గాలి ఒత్తిడి తక్కువ చాలు, మూతి దగ్గర 10 పీఎస్ఐ మించదు, కానీ పరిమాణం చాలా కావాలి. టైర్లకు గాలి పట్టే చిన్న కంప్రెసర్ పెట్టుకుంటే ప్యానెల్ మధ్యలో ఊపిరి అందక గన్ ఉమ్ముతుంది. రంగుకీ క్లియర్‌కీ 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్, మందపాటి ప్రైమర్‌కు 1.7, 1.8 దాకా. గొట్టంలో నీళ్లు ఆపే ఫిల్టర్ పెట్టకపోతే పడ్డ కష్టమంతా వృథా.

అడుగున ఏముండాలన్న దాని మీద ఎక్కువ చెప్పను. శుభ్రం చేసిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ వేస్తే తుప్పుకూ పట్టుకూ ఇబ్బంది ఉండదు. యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమర్ మీద నేరుగా పాలిస్టర్ లప్పం పెట్టకండి, పట్టు చెడుతుంది. లప్పం నీళ్లు పీలుస్తుంది, దాన్ని పొడిగానే రుద్దాలి.

## పాలిష్: చేతితోనా, డీఏనా, రోటరీనా

కోత వరుస మూడింటికీ ఒకటే. 1500 నంబర్ నీటి ఎమరీ, తర్వాత 2000, ఓపికుంటే 3000. సబ్బు నీళ్లు, వెనక మెత్తటి బ్లాక్. ఒక్కో నంబర్ ముందుదాని గీతలను పూర్తిగా తుడిచేయాలి. 3000 దాకా వెళ్తే కాంపౌండ్ పని సగమవుతుంది, అందుకే ఇంట్లో చేసేవాళ్లు అది వదలొద్దంటాను.

చేతి పాలిష్ పాత, పల్చటి లక్కర్‌కు మంచిది, బంపర్ సందులకు తప్పదు. మొత్తం కారు కొత్తగా కోశాక చేత్తో మెరిపిద్దామంటే భుజాలు పడిపోతాయి.

రోటరీ మెషిన్ ఒకే ఇరుసు మీద గిరగిర తిరుగుతుంది. ఎమరీ గీతలు నిమిషాల్లో పోతాయి, కాకపోతే ఒకేచోట వేడెక్కుతుంది. అంచు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగితే పెయింట్ కాలుతుంది. సరిగ్గా ముగించకపోతే ఎండలో గిరగిర చారలు కనపడతాయి. డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషిన్ తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి వేడి పంచుకుంటుంది, గట్టిగా నొక్కితే తిరగడమే ఆపేస్తుంది. కొత్తవాళ్లకు ఆ ఆగిపోవడమే రక్షణ. పాత కార్ల గుండ్రటి మడ్‌గార్డుల మీద పెద్ద ప్యాడ్ ఆనదు, 75 మి.మీ. చిన్న ప్యాడ్ కొనుక్కోండి.

మొదటిసారి చేస్తుంటే డీఏ ఒక్కటే కొనండి. రోటరీ కావాలనిపిస్తే తుక్కు దుకాణం నుంచి ఒక పాత తలుపు తెచ్చుకుని, కావాలనే అంచు కాల్చి చూడండి. ఎంత తొందరగా పోతుందో చేతికి తెలుస్తుంది. ఏ మెషిన్ అయినా ప్యానెల్ అంచులకూ మడతలకూ టేప్ అంటించండి. పెయింట్ తడిగా ఉన్నప్పుడే అంచు నుంచి పక్కకు జారుతుంది, అక్కడ పొర ఎప్పుడూ పల్చనే. ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగానే కనపడతాయి. ఎండలోకి తోసి చూడండి, లేదా ఒకే చుక్క వెలుగున్న టార్చ్ పెట్టండి.

సిలికోన్ ఉన్న పాలిష్‌లు స్ప్రే చేసే షెడ్డులోకి తేవొద్దు. చిటికెడు చాలు, తర్వాతి పూతలో చేప కన్నులాంటి గుంటలు పడతాయి. పాత పెయింట్ మీద ఎమరీ పట్టేముందే మైనం, జిడ్డు తీసే ద్రావకంతో తుడవాలి. లేకపోతే ఎమరీ ఆ జిడ్డును గీతల్లోకి నొక్కేస్తుంది. మైనమైనా, సిరామిక్ కోటింగ్ అయినా కొత్త పెయింట్ మీద వెంటనే వేయకండి. లోపలి థిన్నర్ బయటికి పోవాలి. లక్కర్‌కైతే రెండు, మూడు నెలలు ఆగడం మంచిది. మిగతావాటికి డబ్బాతో వచ్చే కాగితంలో చెప్పిన గడువు పాటించండి.

## మీరు ఎవరైతే ఏది

పాత పెయింట్ బతికి ఉన్న కారు దొరికినవాళ్లు డబ్బా కొనకండి. చేయి, డీఏ, మెత్తటి పాలిష్. పోయిన చోట్ల మాత్రం టచప్.

1950లకు ముందు కారు, అసలుదనం మీద పట్టుదల, పొడి వాతావరణం, ఖాళీ సాయంత్రాలు ఉన్నవాళ్లకు లక్కర్. మొదటిసారి గన్ పట్టేవాళ్లకూ నేను దీన్నే చెప్తాను, మెటాలిక్ జోలికి పోనంతవరకు.

రోజూ నడిపే మామూలు రంగు కారైతే టూకే సింగిల్ స్టేజ్, బూత్‌లో కొట్టించి ఇంట్లో బఫ్ చేసుకోండి. మెటాలిక్ అయితే అలాగే బేస్, క్లియర్. పొలం పనికి తిరిగే జీపుకు ఎనామెల్ చాలు, గీత పడినా మనసు కలుక్కుమనదు.

ఇంకా ఎటూ తేలకపోతే డిక్కీ తలుపు ఒక్కటీ విప్పి, మీరనుకున్న పద్ధతిలో లప్పం నుంచి పాలిష్ దాకా పూర్తిచేయండి. నెల రోజులు ఎండలో పెట్టి చూడండి. బాగా రాకపోతే పోయేది ఒక్క తలుపు పెయింటే, మిగతా కారు ఇంకా ప్రైమర్‌లోనే ఉంటుంది.